సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3 రివ్యూ: కర్నూలు ఎండలో, కడప రాళ్ల దగ్గర ఈ బుల్లి కెమెరా పనికొస్తుందా?

2014లో వచ్చిన కెమెరాకి ఇప్పుడు రివ్యూ ఏంటి అని మీకు అనిపించొచ్చు. కారణం ఉంది. ఈమధ్య కాలేజీ పిల్లలు, కొత్తగా వ్లాగ్స్ మొదలుపెట్టినవాళ్లు మళ్లీ చిన్న డిజిటల్ కెమెరాల కోసం వెతుకుతున్నారు. కొత్త మోడళ్ల రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. అందుకే చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు వెళ్తున్నారు, అక్కడ ఎక్కువగా కనిపించే పేర్లలో సోనీ ఆర్ఎక్స్100 సిరీస్ ఒకటి. మార్క్ 3 అప్పట్లో అమెరికాలో సుమారు 800 డాలర్ల ధరతో వచ్చింది. నేను సెకండ్ హ్యాండ్‌లో 30 వేలకు తీసుకున్నాను. కర్నూలు, కడప చుట్టుపక్కల కొన్ని నెలలు వాడాక ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. కెమెరా మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఏ పనికి, ఏ ఊళ్లో, ఏ వెలుతురులో అని అడగాలి. మన రాయలసీమలో ఆ ప్రశ్నకి మూడు పేర్లు ఉన్నాయి: ఎండ, దుమ్ము, రాయి. ఈ మూడింటి దగ్గర కెమెరా ఎలా ఉందో చూద్దాం.

ఎవరి కోసం ఈ లెక్కలన్నీ?

మా చిన్నాన్న కూతురు కడపలో ఎంఏ హిస్టరీ చదువుతోంది. ఊళ్లలోని పాత గుళ్ల శిల్పాలు, శాసనాల మీద ప్రాజెక్ట్ చేస్తోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు చేతిలో పెట్టుకుని, "అన్నా, 35 వేలుండాయి. ఫోన్ మార్చాల్నా, కెమెరా కొనాల్నా?" అని అడిగింది. రెండూ కొనే పరిస్థితి లేదు. తప్పు వస్తువు కొంటే మళ్లీ అంత డబ్బు పోగయ్యేసరికి చదువు అయిపోతుంది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. మన సైట్ చదివేవాళ్లలో చాలామందిది ఇదే బడ్జెట్, ఇదే సందేహం. అందుకే స్పెక్ షీట్ చదివి వదిలేయకుండా, ప్రతి ఫీచర్ నిజంగా ఏం చేస్తుందో కూడా చెప్తాను.

సెన్సర్: మెగాపిక్సెల్ కాదు, సైజు చూడండి

ఇందులో ఉన్నది 20.1 మెగాపిక్సెల్ సెన్సర్. 50, 108, 200 అని చూసి చూసి ఉన్న మనకి 20 అంటే చిన్నగా అనిపిస్తుంది. కానీ ఇక్కడ చూడాల్సింది సెన్సర్ కొలత. దీన్ని "1 అంగుళం సెన్సర్" అంటారు. నిజానికి ఏ వైపు కొలిచినా అంగుళం రాదు. ఆ పేరు పాత టీవీ కెమెరా ట్యూబుల కాలం నుంచి వచ్చింది. అసలు కొలత 13.2 × 8.8 మి.మీ., అంటే సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు.

ఒకప్పుడు పెళ్లిళ్లలో అందరి చేతుల్లో కనిపించిన మామూలు డిజిటల్ కెమెరాల్లో 1/2.3 అంగుళాల సెన్సర్ ఉండేది. దాని వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లే. అంటే ఇది దానికి నాలుగు రెట్లు. ఇప్పటి మంచి ఫోన్లలో మెయిన్ కెమెరాకి ఇచ్చే 1/1.3 అంగుళాల సెన్సర్ సుమారు 70 వస్తుంది. 1 అంగుళం సెన్సర్ ఉన్న ఫోన్లు కూడా వచ్చాయి గానీ అవి 35 వేల బడ్జెట్లో ఉండవు.

సెన్సర్ అంటే వానకి బయట పెట్టిన పళ్లెం అనుకోండి. పెద్ద పళ్లెంలో ఎక్కువ నీళ్లు పడతాయి. పెద్ద సెన్సర్ మీద ఎక్కువ వెలుతురు పడుతుంది. వెలుతురు ఎక్కువైతే ఫొటోలో గింజలు గింజలుగా కనిపించే నాయిస్ తగ్గుతుంది. గుడి లోపల మసక వెలుతురులో ఐఎస్ఓ 1600 పెట్టినా ఇందులో వివరాలు బాగానే నిలుస్తాయి. ఆపైన వెళ్లేకొద్దీ మెత్తబడతాయి.

డిజైన్: జేబులో పడుతుంది, చేతికి పట్టు తక్కువ

కొలతలు 101.6 × 58.1 × 41 మి.మీ. బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 290 గ్రాములు. జీన్స్ ముందు జేబులో కష్టంగా, బ్యాగు సైడ్ జేబులో హాయిగా పడుతుంది. బాడీ అల్యూమినియం. చూడ్డానికి, పట్టుకోవడానికి గట్టిగా ఉంది.

ముందువైపు మాత్రం గ్రిప్ ఇవ్వలేదు, నున్నగా ఉంటుంది. మే నెలలో చెమట చేత్తో పట్టుకుంటే వేళ్లు ఎక్కడ ఆనించాలో తెలీదు. అతికించుకునే గ్రిప్ ఒకటి, మణికట్టుకి వేసుకునే తాడు ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి ఫొటో తీసేవాళ్లకి ఆ తాడు తప్పనిసరి అనే చెప్తాను.

3 అంగుళాల స్క్రీన్ పైకి 180 డిగ్రీలు, కిందికి 45 డిగ్రీలు వంగుతుంది. నేలకి దగ్గరగా ఉన్న శిల్పాన్ని పడుకోకుండా తీయొచ్చు. టచ్ లేదు. ఈ సిరీస్‌లో టచ్ స్క్రీన్ 2018లో మార్క్ 6తోనే వచ్చింది. ఫోన్ అలవాటైన వేలు మొదటి వారం స్క్రీన్ మీద పొడుస్తూనే ఉంటుంది, ఏమీ జరగదు.

లెన్స్, ఎన్‌డీ ఫిల్టర్: మధ్యాహ్నపు లెక్క

ఇందులో నాకు బాగా నచ్చింది లెన్స్. 35 మి.మీ. ఫిల్మ్ లెక్కలో 24 నుంచి 70 మి.మీ. జూమ్. అపర్చర్ ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. జూమ్ తక్కువ, మూడు రెట్లు కూడా లేదు. కానీ చివర్న కూడా ఎఫ్/2.8 ఉండటమే అసలు విషయం. ఇదే సిరీస్‌లో 2012లో వచ్చిన మొదటి కెమెరా జూమ్ చివర్న ఎఫ్/4.9కి పడిపోయేది. ఆ రెండింటి మధ్య తేడా లెక్కేస్తే, మార్క్ 3 లెన్స్ అక్కడ సుమారు మూడు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. రివ్యూలు చదివేటప్పుడు అపర్చర్‌లో మొదటి అంకె కాదు, రెండో అంకె చూడటం అలవాటు చేసుకోండి.

ఇక మన ఎండ సంగతి. ఫొటోగ్రఫీలో ఒక పాత సూత్రం ఉంది. మబ్బు లేని ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెడితే, షట్టర్ స్పీడు ఐఎస్ఓ అంకెకి తలకిందులుగా ఉండాలి. అంటే ఐఎస్ఓ 125కి 1/125 సెకను. అదే ఎండలో వెనకది మసకగా రావాలని ఎఫ్/1.8 పెట్టారనుకోండి, షట్టర్ సుమారు 1/10,000 కావాలి. ఈ కెమెరా షట్టర్ 1/2000 దగ్గర ఆగిపోతుంది. ఫొటో తెల్లగా మాడిపోతుంది.

దీనికోసమే లోపల ఒక ఎన్‌డీ ఫిల్టర్ ఇచ్చారు. అది లెన్స్‌కి చలువ కళ్లద్దం లాంటిది. వెలుతురుని ఎనిమిదో వంతుకి తగ్గిస్తుంది. అప్పుడు 1/10,000 కాస్తా 1/1250 అవుతుంది, షట్టర్‌కి అందుతుంది. ఎఫ్/4 పెడితే ఫిల్టర్ లేకుండానే సరిగ్గా 1/2000 సరిపోతుంది. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో మిట్టమధ్యాహ్నం నీళ్ల పక్కన రాళ్ల మీద ఈ లెక్క అక్షరాలా పనిచేసింది.

వీడియోకి ఇది ఇంకా ముఖ్యం. వీడియో కదలిక సాఫీగా కనిపించాలంటే షట్టర్ 1/50, 1/60 దగ్గర ఉండాలి. ఎఫ్/8 పెట్టి ఎన్‌డీ ఆన్ చేస్తే మన ఎండలో కూడా అక్కడికి వస్తుంది. తర్వాతి మార్క్ 6, మార్క్ 7లో జూమ్ 200 మి.మీ. దాకా పెంచారు గానీ ఈ ఫిల్టర్ తీసేశారు. అందుకే పై నంబర్ మోడల్ అంటే అన్నింట్లో పైది అనుకోకండి.

ఒక జాగ్రత్త. అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/11 పెట్టకండి. ఇంత చిన్న సెన్సర్ మీద వెలుతురు సన్న రంధ్రంలోంచి వస్తూ చెదిరి, ఫొటో మొత్తం మెత్తగా అవుతుంది. ఎఫ్/4, ఎఫ్/5.6 మధ్య ఉంటే చాలు.

వ్యూఫైండర్: ఎండాకాలంలో దీని విలువ తెలుస్తుంది

ఎడమ పక్కన చిన్న మీట నొక్కితే పైన ఒక బుల్లి కిటికీ లేస్తుంది. దాని కన్ను వెనక్కి లాగాలి. లోపల 14.4 లక్షల చుక్కల ఓఎల్ఈడీ స్క్రీన్ ఉంటుంది. కిటికీ లేపితే కెమెరా ఆన్ అవుతుంది, లోపలికి నొక్కితే ఆఫ్ అవుతుంది.

షోరూంలో నిలబడి చూస్తే ఇది అవసరమా అనిపిస్తుంది. గండికోటలో మధ్యాహ్నం పన్నెండుకి చూడండి. ఎర్ర రాయి, తెల్ల ఆకాశం, నాపరాళ్ల మీంచి కొట్టే వెలుగు. ఏ గాడ్జెట్ స్క్రీన్ అయినా అక్కడ అద్దంలా మన మొహమే చూపిస్తుంది. దీనికి ఎండ కోసం ప్రత్యేకంగా 'సన్నీ వెదర్' బ్రైట్‌నెస్ ఉంది, కొంత మేలు. కానీ కన్ను ఆనించి చూడటానికి సాటి రాదు. లోయ అవతలి అంచు ఫ్రేములో ఎక్కడ తెగుతోందో, ఎక్స్‌పోజర్ ఎక్కడ మాడుతోందో చూస్తూ తీయొచ్చు. మాడే చోట చారలు చూపించే జీబ్రా ఆప్షన్ కూడా ఉంది. ఎండలో పని చేసేవాళ్లు దాన్ని ఆన్‌లోనే ఉంచుకోవాలి.

హ్యాండ్లింగ్: రింగు బాగుంది, మెనూ నేర్చుకోవాలి

లెన్స్ చుట్టూ తిరిగే రింగు ఉంది. అపర్చర్, జూమ్, ఫోకస్, ఏది కావాలంటే అది దానికి అప్పజెప్పొచ్చు. క్లిక్ మనకుండా నున్నగా తిరుగుతుంది. వీడియోకి మంచిదే గానీ ఫొటోకి ఎంత తిప్పామో వేలికి తెలీదు. వెనక బటన్లు చిన్నవి. ఎఫ్ఎన్ బటన్లో తరచూ వాడే సెట్టింగులు పెట్టుకుంటే మెనూలోకి వెళ్లే పని తగ్గుతుంది. నేను అక్కడ ఐఎస్ఓ, ఎన్‌డీ ఫిల్టర్, ఫోకస్ రకం, సెల్ఫ్ టైమర్ పెట్టుకున్నాను.

ఫోకస్ 25 పాయింట్ల కాంట్రాస్ట్ పద్ధతి. కదలని వాటికి చకచకా పడుతుంది. పరిగెత్తే పిల్లలు, జాతరలో ఎగిరే జెండాల వెంట పడటానికి ఇది సరైన కెమెరా కాదు. మాన్యువల్ ఫోకస్‌లో అంచులకి రంగు పూసి చూపించే పీకింగ్ ఉంది, రాతి మీద బాగా పనికొస్తుంది.

రాయి ముందు పరీక్ష: కెమెరా ఎక్కడ గెలిచింది?

తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పుకునే కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 నాటిది, కడప జిల్లాదే. రేనాటి చోళుల కాలం నుంచి మన నేల మీద రాళ్లు మాట్లాడుతూనే ఉన్నాయి. కాకపోతే వాటి మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. ఫొటోలో ఒక గీత కనిపిస్తే అది అక్షరమా, రాతి పగులా అనేది చదివేవాళ్లు తేల్చుకోవాలి. మా చెల్లెలి ప్రాజెక్ట్ అంతా దాని మీదే నిలబడి ఉంది.

పెన్నా ఒడ్డున పుష్పగిరిలో గుడి గోడల శిల్పాల దగ్గర ఫోన్, కెమెరా రెండూ పెట్టి చూశాం. మూడు తేడాలు కనిపించాయి.

మొదటిది, ఆకారం. ఫోన్ మెయిన్ కెమెరా 24 మి.మీ. దగ్గర ఉంటుంది. రాయి ఫ్రేము నిండాలంటే దగ్గరికి వెళ్లాలి, అప్పుడు అంచులు సాగినట్టు వస్తాయి. ఈ కెమెరాలో 70 మి.మీ. పెట్టి దాదాపు మూడు రెట్లు దూరం జరిగితే శిల్పం ఉన్న కొలతలతో వస్తుంది. జూమ్ చేసినా సెన్సర్ మొత్తం వాడుతుంది. ఫోన్ అయితే మెయిన్ సెన్సర్‌లో ముక్క కోస్తుంది, లేదా ఇంకా చిన్న సెన్సర్‌కి మారుతుంది.

రెండోది, నిజం. ఫోన్ ఒక్క క్లిక్‌కి చాలా ఫ్రేములు తీసి, కలిపి, నాయిస్ తుడిచి, అంచులు పదును పెడుతుంది. మనుషుల ఫొటోకి అది వరం. అరిగిన అక్షరానికి మాత్రం ప్రమాదం. లేని అంచు పదునెక్కొచ్చు, ఉన్న సన్న గీత నాయిస్ అనుకుని తుడుచుకుపోవచ్చు. 2023లో ఫోన్లలో చంద్రుడి ఫొటోల మీద జరిగిన చర్చ గుర్తుందా? లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ గీసిందా అన్నదే అక్కడ గొడవ. ఈ కెమెరాలో రా ఫైల్ తీసుకుంటే సెన్సర్ చూసింది చూసినట్టు దొరుకుతుంది. మీ ఫోన్లో ప్రో మోడ్, రా ఆప్షన్ ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, ముందు అది చూసుకోండి.

మూడోది, వెలుతురు పెట్టుకునే వీలు. రాతి మీద అక్షరం లోతు తెలియాలంటే వెలుతురు పక్కనుంచి, రాయిని రాసుకుంటూ పడాలి. పొద్దున ఏడుకి, సాయంత్రం అయిదున్నరకి ఎండ ఆ పని ఉచితంగా చేస్తుంది. మధ్యాహ్నం నీడలో అయితే కెమెరా స్థిరంగా పెట్టి, రెండు సెకన్ల టైమర్ ఆన్ చేసి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి పట్టుకోవాలి. ఫోన్‌తోనే ఫొటో తీస్తే టార్చ్ ఎదురుగా ఉంటుంది, లోతు మొత్తం చదునైపోతుంది. కెమెరా సొంత ఫ్లాష్ ఎదురుగా కొట్టినా అదే కథ. ఆ ఫ్లాష్‌ని వేలితో వెనక్కి వంచి పైకప్పుకి కొట్టించొచ్చు గానీ ఆరుబయట పైకప్పు ఎక్కడిది? కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి అడుగుతారని మర్చిపోకండి.

ఫోన్ ఎక్కడ గెలిచింది?

గుడి లోపలి చీకటి, బయటి ఎండ ఒకే ఫ్రేములో ఉంటే ఫోన్ హెచ్‌డీఆర్ ముందు ఇది నిలబడదు. కొండారెడ్డి బురుజు దగ్గర రాత్రి చేత్తో పట్టుకుని తీస్తే, నైట్ మోడ్ ఉన్న ఫోన్ ఫొటోనే నేరుగా పంపడానికి బాగుంది. వీడియోలో 4కే లేదు, ఫుల్ హెచ్‌డీ 60 ఫ్రేములతో ఆగిపోతుంది. మైక్ పెట్టే జాక్ లేదు, ఈ సిరీస్‌లో అది 2019లో మార్క్ 7కే ఇచ్చారు. లోయ అంచున గాలికి మాట వినపడాలంటే ఆడియో ఫోన్లో విడిగా రికార్డ్ చేసుకోవాలి. రీల్స్, ఇన్‌స్టా, ఇంట్లో ఫంక్షన్లు మాత్రమే మీ పని అయితే ఇది కొనకండి. ఆ 30 వేలు ఫోన్ మీద పెట్టండి.

దుమ్ము, వేడి, బ్యాటరీ

ఇది మన ప్రాంతం వాళ్లు తప్పక చదవాల్సిన భాగం. ఆన్ చేసిన ప్రతిసారీ లెన్స్ బయటికి వచ్చి, ఆఫ్ చేస్తే లోపలికి పోయే ఏ చిన్న కెమెరాకైనా ఒక బలహీనత ఉంది. లెన్స్ కదిలినప్పుడు గాలి లోపలికి, బయటికి ఆడుతుంది. గాలితో పాటు సన్న దుమ్ము వెళ్లి సెన్సర్ మీద కూర్చుంటుంది. లెన్స్ విప్పే కెమెరాల్లో బ్లోయర్‌తో మనమే ఊదుకోవచ్చు. వీటిలో సర్వీస్ వాళ్లు విప్పాల్సిందే. ఈ కెమెరాకి దుమ్ము, నీటి నుంచి రక్షణ ఇచ్చే సీలింగ్ లేదు. అందుకే బైక్ మీద వెళ్తూ తీయడం, దుమ్ము లేస్తున్నప్పుడు మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేయడం వద్దు. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అది బ్యాగులో పెట్టండి.

కంపెనీ చెప్పిన పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా. మే నెలలో కర్నూలు, కడప రెండూ దాన్ని సులువుగా దాటేస్తాయి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద, బైక్ డిక్కీలో వదలకండి.

బ్యాటరీ ఎన్‌పీ-బీఎక్స్1. ఒక ఛార్జ్‌కి 320 ఫొటోలు అని కంపెనీ లెక్క. వ్యూఫైండర్ ఎక్కువ వాడితే తగ్గుతుంది. మైక్రో యూఎస్‌బీతో ఛార్జ్ అవుతుంది, అంటే పవర్ బ్యాంక్ చాలు. పల్లెల్లో తిరిగేవాళ్లకి ఇది పెద్ద ఊరట. అయినా ఒక ఎక్స్‌ట్రా బ్యాటరీ ఉంచుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఇవి చూడండి

1. అపర్చర్ ఎఫ్/11 పెట్టి, మబ్బు లేని ఆకాశాన్ని ఫొటో తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. నల్లటి మచ్చలు ఉంటే లోపల దుమ్ము ఉన్నట్టే. బేరం చేయకండి, వదిలేయండి.
2. పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్స్ గరగరమన్నా, తడబడినా వద్దు.
3. వ్యూఫైండర్ లేపి, లాగి, నొక్కి చూడండి. మూడు పనులూ సాఫీగా జరగాలి.
4. జూమ్ చివర్న ఒక గోడ ఫొటో తీసి నాలుగు మూలలూ ఒకేలా స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. ఒక మూల మెత్తగా ఉంటే కింద పడిన కెమెరా అయ్యుండొచ్చు.
5. మీ కార్డు మీరే తీసుకెళ్లండి. ఆ ఫొటోలు ఇంటికొచ్చి కంప్యూటర్లో చూశాకే డబ్బు ఇవ్వండి.

చివరి మాట

మా చెల్లెలు పాత ఫోన్‌కి బ్యాటరీ మార్పించుకుని, ఇదే మోడల్ కెమెరా, చిన్న ట్రైపాడ్ కలిపి బడ్జెట్లోనే తీసుకుంది. ఆమె పనికి అది సరైన నిర్ణయం. అదే 35 వేలతో యూట్యూబ్ మొదలుపెడదామనుకునే నా రూమ్మేట్‌కి మాత్రం ఫోనే చెప్పాను.

*నచ్చినవి:* 1 అంగుళం సెన్సర్, జూమ్ చివర్న కూడా ఎఫ్/2.8, లోపలే ఎన్‌డీ ఫిల్టర్, వ్యూఫైండర్, పవర్ బ్యాంక్‌తో ఛార్జింగ్.

*నచ్చనివి:* గ్రిప్ లేదు, టచ్ లేదు, 4కే లేదు, మైక్ జాక్ లేదు, దుమ్ముకి రక్షణ లేదు.

గుడి, రాయి, ప్రయాణం, ప్రింట్ తీసుకునే ఫొటోలు మీ పని అయితే మచ్చ లేని పీస్ దొరికినప్పుడు ధైర్యంగా తీసుకోండి. దొరకలేదా, తొందర పడకండి. పదకొండేళ్ల క్రితం ఉన్న రాయి వచ్చే నెల కూడా అక్కడే ఉంటుంది.